ఒక్క చలికాలం చూసిన మేక

ఆ రోజు చెయ్యాల్సిన పనులు ఇవి. మిద్దె మీద గుడ్డ పరిచి ఎండబెట్టిన తర్హానాను, చలికాలం చారుకు దాచుకునే పెరుగుపిండిని, ఎండ తిరిగినప్పుడల్లా నలిపి తిరగెయ్యాలి. అంజూర పళ్ళు కందిరీగల పాలు కాకముందే తడికల మీదికి చేర్చాలి. అమ్మ మోకాలికి తైలం రుద్దాలి. దూదు అత్త ఉప్పుసంచికి పడ్డ చిరుగు కుట్టాలి. ముందు రోజు సాయంత్రం మందతో పాటు దిగిరాని సకార్ అనే మేక ఎక్కడైనా కనిపించిందేమో పై పొలాల వాళ్ళకు ఫోన్ చేసి అడగాలి. వీటితో పాటు మా ఊరిపెద్ద, ముఖ్తార్ వెయ్‌సెల్ గారికి ఇంగ్లీషులో ఒక బోర్డు రాసివ్వాలి.

మిగతా పనులు మా ఇంట్లో ఎవరైనా చేస్తారు. బోర్డు మాత్రం నేనే రాయాలి. ఆ జూన్‌లోనే అంతాల్యా పట్నంలో ఇంగ్లీషు డిగ్రీ ముగించి ఇంటికొచ్చాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను కాబట్టి, ఊళ్ళో ఎవరికి ఇంగ్లీషు ముక్క కావాలన్నా "సెల్వెర్‌ని అడగండి" అనేవాళ్ళు. మందుసీసా మీద రాతయినా సరే, కొళాయి మోటారు పెట్టె మీద రాతయినా సరే. నాకు అది బరువనిపించలేదు. చదివించిన ఊరికి ఆమాత్రం చెయ్యాలి కదా.

బోర్డు యనార్తాష్ గురించి. యనార్తాష్ అంటే మండే రాయి. మా ఇళ్ళ వెనక కొండ మీద పైన్ అడవి మధ్యలో ఒక బోడి రాతిచరియ ఉంది. అక్కడి పగుళ్ళలోంచి మంటలు వస్తూ ఉంటాయి. వాన పడ్డా ఆరవు. మా ముత్తాతలు పుట్టకముందు నుంచీ ఉన్నాయి. దేశదేశాల నుంచి జనం వచ్చి, ఆ మంటల మీద సాసేజులు కాల్చుకు తిని, ఫొటోలు దిగి పోతుంటారు.

"వచ్చినవాళ్ళంతా కైమీరా, కైమీరా అంటారు. అదేంటో నాలుగు వాక్యాలు రాయమ్మా," అన్నారు ముఖ్తార్. "చదివితే కొంచెం ఒళ్ళు జలదరించాలి. లేకపోతే అంత కొండ ఎవడెక్కుతాడు?"

పొద్దున్నే వసారాలో కూర్చుని నా పెద్ద నిఘంటువు తెరిచాను. ఆ మాట కింద మూడు సంగతులున్నాయి. ఒకటి: పూర్వపు కథల్లోని ఒక భూతం. ముందు సింహం, నడుమ మేక, వెనక పాము, నోట్లోంచి మంటలు. రెండు: అక్కణ్ణుంచి వచ్చిన అర్థం. ఎక్కడా లేనిది, ఉండడానికి వీలు లేనిది, మనసు అల్లుకున్నది. మూడోది చిన్న అక్షరాల్లో ఉంది. మాట పుట్టుక: పాత గ్రీకులో దానికి అర్థం ఒక్క చలికాలం చూసిన ఆడమేక.

నాకు నవ్వొచ్చింది. మేక వయసును బట్టి పేరు మార్చడం మా మేకల వాళ్ళ అలవాటు. పాలు తాగే పిల్లకు ఒక పేరు, ఒక చలికాలం దాటితే చెబిచ్, ఈనితే మరో పేరు. రాత్రి ఇంటికి రాని సకార్ కూడా చెబిచ్చే. లోకమంతా భూతమనుకునే పేరుకు అసలు అర్థం మా పెరట్లోనే తిరుగుతోంది. కానీ బోర్డు మీద మేక అని రాస్తే ఎవరి ఒళ్ళు జలదరిస్తుంది? మూడో సంగతి వదిలేసి మొదటి రెండూ రాసుకున్నాను.

దూదు అత్త చెప్పులు తొడుక్కుంటూ నా భుజం మీంచి తొంగిచూసింది. ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. యాభై దాటినా కొండెక్కడంలో మేకలతో పోటీ పడుతుంది. నాన్న కుమ్లుజాలో టమాటా తోటల పనికి పోయినప్పటి నుంచి మంద మొత్తం ఆమె చేతి మీదే నడుస్తోంది.

"ఏం రాస్తున్నావే పొద్దున్నే? మళ్ళీ పరీక్షా?"

"పరీక్ష కాదత్తా. యనార్తాష్ గురించి."

చెప్పు తొడుక్కుంటున్న చెయ్యి ఆగిపోయింది. "దాని గురించి రాయొద్దు."

"ముఖ్తార్ గారు అడిగారు."

"వెయ్‌సెల్‌కేం, వాడు ఎన్నయినా అడుగుతాడు. అది వాసన పట్టింది వాణ్ణి కాదు కదా."

ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ రాతి మీద నిలబడి ఉండగా, ఉన్నట్టుండి కాలి పక్కనే కొత్త పగులొకటి భగ్గుమంది. షల్వార్ అంచు కాలింది. ఏడుస్తూ ఇంటికొస్తే మా నాయనమ్మ ఆ కాలిన అంచును వేళ్ళతో నలిపి చూసి ఒకే మాట అన్నదట: "వాసన పట్టింది. ఇంక నిన్ను మరిచిపోదు." రాతి కింద పాతిపెట్టినది ఒకటుందని, దానికి మూడు తలలని, దాని ఊపిరే ఆ మంటలని మా వాళ్ళ నమ్మకం. దాని పేరు ఎత్తరు. "కిందది" అంటారు. ఆ రోజు నుంచి అత్త మళ్ళీ ఆ రాతి మీద కాలు పెట్టలేదు. పై మేతకు దగ్గరి దారి రాతి పక్కగానే పోతుంది. ఆమె మాత్రం మందను ఎప్పుడూ వాగులోయలోంచి తిప్పి తీసుకెళ్తుంది. దూరం రెండింతలు. లోయ నిండా పైన్ చెట్లు, మోకాలి లోతున ఎండిన ఆకు.

నాకు అప్పుడు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు. "అత్తా, అక్కడుండేది గ్యాస్. మన పొయ్యి కింద సిలిండర్‌లో ఉన్నదే. ఈ పుస్తకంలో అర్థం కూడా రాశారు. లేనిదాన్ని ఉందనుకోవడం. అంతే."

"లేనిదా?" అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "లేనిది నా బట్ట ఎట్లా కాల్చిందే? మీ ప్రొఫెసర్ వచ్చి అగ్గిపుల్ల గీశాడా?"

లోపల్నుంచి అమ్మ నవ్వు వినిపించింది.

"పట్నం పంపి చదివిస్తే, ఉన్నదాన్ని లేదనడం నేర్చుకొచ్చింది మా పిల్ల," అంటూ అత్త నేను కుట్టిన ఉప్పుసంచి నడుముకు కట్టుకుంది. "సరే. సకార్ పై మేతలోనే ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. చూసుకునొస్తా. తర్హానా జాగ్రత్త, గాలి తిరిగింది."

గాలి నిజంగానే తిరిగింది. సముద్రం మీంచి రావాల్సింది ఉత్తరపు కొండల మీంచి వస్తోంది. ఆగస్టులో ఆ గాలి లేస్తే మా ఊళ్ళో ఆడవాళ్ళు ఆరుబయట పొయ్యి వెలిగించరు. వేడిగా, పొడిగా ఉంటుంది. పెదాలు పగులుతాయి.

మధ్యాహ్నం దాటాక మిద్దెక్కి తర్హానా నలుపుతున్నాను. తెల్లటి గుడ్డ మీద ఏదో నల్లగా వాలింది. చీమేమో అనుకుని తీయబోతే వేలికి మసిగా అంటుకుంది. పైన్ ఆకు. సన్నగా, పొడుగ్గా, ఆకు ఆకులాగే ఉండి మొత్తం బూడిదయింది. తలెత్తేసరికి ఇంకోటి వాలింది. తరవాత మరికొన్ని.

యనార్తాష్ మంటలకు బూడిద రాలదు. అక్కడ రాయి తప్ప కాలడానికేమీ లేదు.

కొండ వైపు చూశాను. శిఖరం మీద ఆకాశం పచ్చగా, రోగమొచ్చిన కన్నులా ఉంది.

టీ కొట్టుకు పరుగెత్తాను. ముఖ్తార్, కాసిమ్ మామ, మరో ఇద్దరు పలకల ఆటలో ఉన్నారు.

"కొండ మీద మంట!" అన్నాను రొప్పుతూ.

కాసిమ్ మామ పలక దించకుండానే అన్నాడు: "యనార్తాష్ మండుతోందా? అబ్బో! విన్నారా, రేపు పేపర్లో వేయించాలి."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. మా ఊళ్ళో పుట్టినవాడెవడూ కొండ మీద మంట అంటే లేచి నిలబడడు. పసితనం నుంచీ అక్కడ మంటను చూస్తూనే పెరుగుతాం. ఊరికి కొత్తగా వచ్చిన వాళ్ళు చీకటి పడ్డాక దాన్ని చూసి కంగారుపడితే వాళ్ళ మీద జోకులేసుకుంటాం.

"ఎవరో సాసేజులు కాలుస్తుంటారమ్మా. పొగ రాదా మరి?" అన్నారు ముఖ్తార్. "నువ్వు బోర్డు పూర్తి చేశావా?"

నేను అరచెయ్యి చాపాను. బూడిదైన ఆకు గాలికి చెదిరి టీ గ్లాసుల మధ్య పడింది. నవ్వు ఆగింది. ముఖ్తార్ కుర్చీ వెనక్కి తోసి గుమ్మంలోకి వచ్చి తలెత్తి చూశారు. ఆయన మొహంలో రంగు మారడం నేను కళ్ళారా చూశాను.

"యా అల్లాహ్," అన్నారు.

ఆ తరవాత అంతా ఒక్కసారిగా జరిగింది. అగ్నిమాపకం వాళ్ళకు నేనే ఫోన్ చేశాను. బండ్లన్నీ కొండకు అవతలి వైపు అదే మంటతో పోరాడుతున్నాయని, విమానం వస్తుందని, ఎవరూ పైకి పోకుండా అందరినీ సముద్రం ఒడ్డుకు దించమని చెప్పారు. మసీదు మైకులో ముఖ్తార్ పిలుపు వినిపించింది. ట్రాక్టర్లు రొద పెట్టాయి. కోళ్ళు రోడ్డు మీదికొచ్చాయి. అమ్మ కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"దూదు?" అంది.

కాసిమ్ మామ ట్రాక్టర్ మీంచే అరిచాడు: "దూదుకు కొండంతా అరచేతిలో ఉంటుంది. తనే దిగొస్తుంది. ఎక్కండి ముందు!"

దిగొస్తుంది. ఏ దారిన దిగొస్తుంది? దగ్గరి దారిన వస్తే రాయి పక్క నుంచి రావాలి. ఆమె రాదు. ప్రాణం పోతున్నా రాదు. వాగులోయలోకి దిగుతుంది. ఇంత గాలిలో ఆ లోయ పొగగొట్టం. కింద నిప్పు పడితే పై దాకా ఒకే గుక్కలో లాగేస్తుంది.

అమ్మను ట్రాక్టర్ ఎక్కించాను. "ఒడ్డు దగ్గర కలుస్తాను," అని చెప్పాను. తొట్టి దగ్గర నా తలగుడ్డ తడుపుకుని కొండ దారి పట్టాను. ఇది చదివి నన్ను ధైర్యవంతురాలు అనుకోవద్దు. దారి పొడుగునా నా పళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి. రెండు సార్లు ఆగి వెనక్కి తిరిగాను. రెండు సార్లూ ఉప్పుసంచి చిరుగు కళ్ళ ముందు మెదిలింది. దాన్ని సరిగ్గా కుట్టానా లేదా అన్న పనికిరాని ఆలోచన. దానితోనే మళ్ళీ పైకి నడిచాను.

అడవిలో పక్షులు లేవు. దారికి అడ్డంగా ఒక తాబేలు కిందికి పోతోంది, దానికి చేతనైనంత తొందరగా. నా పాదం పక్క నుంచే పాము జారిపోయింది. నన్ను పట్టించుకోలేదు. సూర్యుడు రాగి నాణెంలా అయిపోయి, చెట్ల నీడలు ఎర్రబడ్డాయి. ఎక్కడో పైన ఏదో నములుతున్న చప్పుడు. నేను ఎక్కేకొద్దీ ఆ నమలడం దగ్గరవుతోంది.

బోడి రాయి దగ్గరికి వచ్చేసరికి గంటల మోత వినిపించింది. రాతికి అవతల, లోయ నోట్లో మంద గుంపుగా నిలబడి ఉంది. ముందు నడిచే పెద్ద పోతు కాళ్ళు నేలకు తన్నిపెట్టి మొరాయిస్తోంది. అత్త దాని కొమ్ము పట్టుకుని లోయలోకి లాగుతోంది.

"అత్తా! అటు కాదు!"

ఆమె తిరిగి చూసింది. మొహమంతా మసి. "నువ్వెందుకొచ్చావే? నిన్నెవరు రమ్మన్నారు? సకార్ దొరకలేదు, ఈ ముసలోడేమో కదలడు. పట్టు, వెనక నుంచి తొయ్యి!"

"లోయలోకి వద్దత్తా. రాతి మీదికి రా. అక్కడ కాలడానికేమీ లేదు."

ఆమె రాతి వైపు కూడా చూడలేదు. "కిందికి పోదాం. నీ దారినే పోదాం, పద," అంది.

నేను వచ్చిన దారిని ఇద్దరం ఒకేసారి చూశాం. శిఖరం మీంచి ఎగిరిన నిప్పురవ్వలు మా తలల మీదుగా పోయి కింద పడ్డాయి. అయిదు నిమిషాల కింద నేను దాటొచ్చిన చెట్టొకటి కింది నుంచి పై దాకా భగ్గుమంది. పైన మంట, కింద మంట. ఇంక మిగిలింది లోయ, రాయి. అంతే.

మేకలతో వాదిస్తే లాభం లేదు. అది నాకు తెలుసు, ఎంత చదువుకున్నా నేనూ ఆ ఇంటిదాన్నే. అత్త నడుం మీంచి ఉప్పుసంచి లాగేసుకుని బోడి రాతి మీదికి పరుగెత్తాను. మా మందలకు రాతి పలకల మీద ఉప్పు చల్లి నాకించడం అలవాటు. రెండు గుప్పిళ్ళు తీసి, మంటలు లేని చోట, పూర్వకాలపు గుడి ఒకటి కూలగా మిగిలిన గోడ పక్కన చల్లి నాలుకతో అంగిలి కొట్టి పిలిచాను. పెద్ద పోతు చెవులు లేపింది. కొమ్ము విదిలించుకుని దూకి వచ్చింది. దాని వెనకే మందంతా గలగలమంటూ రాతి మీదికి ఎక్కింది.

అత్త ఎక్కలేదు. అంచు దగ్గర ఆగిపోయింది. చెప్పుల కొసలు రాతికి తగలకుండా, జాగ్రత్తగా.

"రా అత్తా!"

"నా వల్ల కాదే."

"లేదత్తా అక్కడ ఏమీ. లేనిది అది. పొద్దున చెప్పాను కదా."

"నువ్వు లేదంటే పోయేదైతే పొద్దున అన్నప్పుడే పోయేది." ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా మారింది. "నన్ను వాసన పట్టింది పిల్లా. ఇన్నేళ్ళూ తప్పించుకుని తిరిగా. అదిప్పుడు నోరు తెరుచుకుని కూచుంది. ఇటు ఇది, అటు అది. అడవి మంటయితే తెలిసిన చావు. నువ్వుండు అక్కడ. నేను లోయలోకి పోతా."

సరిగ్గా అప్పుడే గాలి దెబ్బకు పగుళ్ళలోని మంటలన్నీ ఒక్కసారి పొడుగ్గా సాగి, నేలబారుగా వంగి, లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. ఆ శబ్దాన్ని ఎట్లా చెప్పను? పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీసినట్టు. నా అరికాళ్ళకు తగిలింది ఆ ఊపిరి. గ్యాసని నాకు తెలుసు. మీథేన్ అని కూడా తెలుసు. అయినా నా వెన్ను మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. నా కింద ఏదో ఉంది అనిపించింది. ఉంది అని తెలిసినట్టే అనిపించింది.

"నాకూ భయంగా ఉందత్తా," అన్నాను. ఏడుపొచ్చింది. "నాకూ వినిపించింది."

ఆమె నా వైపు చూసింది. మొదటిసారి, లోయ వైపు కాకుండా. "వినిపించిందా?"

"వినిపించింది. అత్తా, దాని పేరు నీకు తెలుసా? నీకు పొద్దున పూర్తిగా చెప్పలేదు. సింహమూ పామూ తరవాత ఎవరో తగిలించినవి. మొదట దాని పేరు చెబిచ్."

"ఏంటీ?"

"చెబిచ్. ఈ ఒడ్డున పూర్వం ఉన్నవాళ్ళ మాటలో ఆ పేరుకు అర్థమే అది. ఒక్క చలికాలం చూసిన ఆడమేక. పుస్తకంలో ఉంది. చిన్న అక్షరాల్లో ఉంది కాబట్టి వదిలేశాను."

ఆమె వెనక పైన్ చెట్ల కొనలు ఎర్రబడుతున్నాయి. ఆమె వాటిని చూడడం లేదు. మేకలు కొనడానికొచ్చిన వాణ్ణి ప్రశ్నించినట్టు అడిగింది: "ఆడదా?"

"ఆడదే."

"ఇంకా ఈనలేదా?"

"ఒక్క చలికాలమే చూసిందత్తా. ఎక్కడ ఈనుతుంది?"

అత్త మొహం మారింది. భయం పోలేదు. భయం పక్కన ఇంకోటి వచ్చి నిలబడింది. ఎవరో పరాయివాడు మన మేకను కొడుతుంటే వచ్చే కోపం అది.

"చెబిచ్‌నా పాతిపెట్టారు?" అంది. "పసిదాన్ని తెచ్చి రాతి కింద తొక్కి, పైగా ఊరందరికీ దాన్ని చూపించి దడిపిస్తున్నారా? ఎవడా మొగోడు?"

"తెలీదత్తా. రా."

"మరి ముందే చెప్పవేం, చదువులదానా!"

చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో నాకిప్పటికీ తెలియదు. కళ్ళు మూసుకుని ఒక కాలు రాతి మీద పెట్టింది. రెండో కాలు పెట్టింది. నా నడుం గుడ్డ పట్టుకుంది, వేళ్ళు నా చర్మంలో దిగేలా. ఒక్కో అడుగూ వేస్తూ నాలుకతో అంగిలి కొడుతోంది, తప్పిపోయిన పిల్లను పిలిచేటప్పుడు పిలిచే పిలుపు. మందను కాదు పిలుస్తోంది. మంద అక్కడే ఉంది. ఆమె మొహం నేల వైపు ఉంది. "దా తల్లీ, దా. ఏం కాదు. నేనే. నాకు తెలుసు నువ్వెవరో. దా."

గుడి గోడ వెనక మేకల మధ్య బోర్లా పడుకున్నాం. తడిగుడ్డ ఇద్దరి మొహాల మీదా కప్పాను. అత్త దగ్గరున్న తిత్తిలోని మజ్జిగ దాని మీద కుమ్మరించింది.

ఆ తరవాతది నేను చూడలేదు, విన్నాను. అడవి మా మీదుగా పోయింది. రైలు పోయినట్టు అంటారు కానీ రైలు పోతుంది, ఇది పోలేదు. అక్కడే నిలబడి అరిచింది. రాయి వేడెక్కింది. గాలి పీలిస్తే గొంతులో ఇసుక రాలినట్టుంది. వీపు మీద చొక్కా కాలుతోందో లేదో తెలియదు. మేకలు అరవలేదు. అన్నీ మూగగా మమ్మల్ని ఒత్తుకుని వణుకుతున్నాయి. వాటి గుండెలు నా పక్కటెముకల మీద కొట్టుకుంటున్నాయి. నేను చిన్నప్పుడు నేర్చుకున్న దువాలు అన్నీ మరిచిపోయాను. బోర్డు కోసం రాసుకున్న ఇంగ్లీషు వాక్యాలు మాత్రం తల్లో గిర్రున తిరిగాయి. ఎక్కడా లేనిది. ఉండడానికి వీలు లేనిది.

ఒక క్షణాన గుడ్డ అంచు లేచింది. చూశాను. పగుళ్ళలోని మంటలన్నీ ఆరిపోయి ఉన్నాయి. చుట్టూ అడవంతా మండుతుంటే, ఎన్నడూ ఆరనివి మాత్రం ఆరిపోయాయి. గాలి ఆర్పేసి ఉంటుంది. నాకంత భయం ఆ రోజంతా కలగలేదు. మాకు తెలిసిన లోకం ఆగిపోయింది అనుకున్నాను.

అత్త కూడా చూసింది. నా చెవిలో బొంగురుగా అంది: "చూశావా, ఊపిరి బిగబట్టింది. పాపం, దానికీ భయమే."

రాతిని అరచేత్తో నిమిరింది. కాలుతున్న రాతిని, నెమ్మదిగా, మేక మెడ నిమిరినట్టు.

తరవాత ఎంతసేపటికో విమానం చప్పుడు, ఆకాశం విరిగి పడ్డట్టు సముద్రపు నీళ్ళు. ఉప్పునీళ్ళ ఆవిరిలో ఒక పగులు టప్‌మని అంటుకుంది. పక్కది అంటుకుంది. వరసగా అన్నీ అంటుకున్నాయి. అత్త లేచి కూర్చుని దగ్గుతూ మందను లెక్క చూసుకుంది. సకార్ తప్ప అన్నీ ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం ఊరివాళ్ళతో కలిసి మళ్ళీ ఎక్కాం. వాగులోయలో చెట్టన్నది మిగల్లేదు. లోయ మలుపులో సకార్ మెడగంట దొరికింది, సగం కరిగి. కాసిమ్ మామ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "దూదు అక్కా, నువ్వే దిగొస్తావని నేనే అన్నా," అని అటు తిరిగాడు. అత్త అతని మాట పట్టించుకోలేదు. ఆ గంట తీసుకుని రాతి మీదికి నడిచింది. ఎవరి నడుం గుడ్డా పట్టుకోలేదు. కానీ కాళ్ళు వణకడం నేను చూశాను. గంటను ఒక పగులు పక్కన పెట్టి, దాని ముందు చిటికెడు ఉప్పు పోసింది.

"ఇంక దానికి తోడుంది," అంది.

ఆ తరవాత వారానికోసారి అక్కడ ఉప్పు పోసేది. భయం మాత్రం చివరిదాకా పోలేదు. "భయమెందుకు పోవాలే? మీద పడి పొడిచే మేకంటే నాకు భయమే. పిలవడం మానేస్తానా?" అనేది. ఆ రోజు మింగిన పొగ కూడా ఆమెను వదల్లేదు. దగ్గు ఒక చలికాలం అదుపులో ఉంది, రెండోదాంట్లో ముదిరింది. మంచం పట్టాక కూడా నాలుకతో అంగిలి కొడుతుండేది. మేకలు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవి. పై కొండల మీద మంచు కరగకముందే పోయింది.

బోర్డు ఇప్పుడు కొండ మొదట్లో ఉంది. చివర మేక గురించి కూడా రాసి ఇచ్చాను కానీ, పలక మీద చోటు చాల్లేదని ముఖ్తార్ ఆ వాక్యం తీసేయించారు. సింహం ఉంది, పాము ఉంది, ఎక్కడా లేనిది అనే అర్థం ఉంది. చదివినవాళ్ళు ఒళ్ళు జలదరించి కొండెక్కుతున్నారు. ఆయన కోరుకున్నదీ అదే, తప్పు పట్టను.

నేనిప్పుడు వేరే ఊళ్ళో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ మాట వచ్చిన ప్రతిసారీ మూడో సంగతి ముందు చెబుతాను. మీకూ ఏదో ఒక పుస్తకంలో అది ఎదురవుతుంది. లేనిది, ఊహ అని పక్కన రాసి ఉంటుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగి మా దూదు అత్తను తలుచుకోండి. చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, వణుకుతూ, తప్పిపోయిన పిల్లను పిలిచినట్టు దాన్ని పిలిచింది ఆమె ఒక్కతే.